పదిహేడు నిమిషాల చల్లదనం

"చల్లబడింది నీ బండా, నీ మీటరా?"

పదేళ్ళ కిందట, ఫూషాన్ కొండల్లో ఒక చెర్రీ షెడ్డు ముందు, జియాంగ్ ఫెంగ్‌జీ మొహం మీదే అడిగిన ప్రశ్న ఇది. అడిగించుకున్నవాడు లువాన్ చెంగ్‌బిన్. పదమూడు మీటర్ల కూలింగ్ ట్రైలరుకు ఓనరూ అతనే, డ్రైవరూ అతనే. ఫెంగ్‌జీది ఆ షెడ్డు పెత్తనం. ముప్పై ఒక్క రైతు కుటుంబాల పండు ఆమె సరేనంటేనే బండెక్కుతుంది. అంతకు వారం ముందు ఎవడో డ్రైవరు ఆమెకు మీటరు చూపించి, పొయ్యిలాంటి పెట్టెలో చెర్రీలు నింపుకుని పోయాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

జవాబుగా లువాన్ కూలింగ్ మిషను ఆపేశాడు. తలుపు తీయకుండా, బండికి ఆనుకుని ఒక సిగరెట్టు ముట్టించి, నింపాదిగా చివరిదాకా కాల్చి, పీకను బూటు కింద నలిపి, అప్పుడు మీటరు వైపు గడ్డంతో చూపించాడు. ఒక డిగ్రీ మీద ఉన్న అంకె ఒకటిన్నరకు వచ్చింది, అంతే. తలుపు తీసి, "లోపలికొచ్చి చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నాడు. ఆమె గోడకు అరచెయ్యి ఆనించింది. వంగి నేలకూ ఆనించింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆమె అతన్ని ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. జరిగిన నష్టమంతా ఆ అడగకపోవడం దగ్గరే మొదలైంది.

ఈ పని తెలియనివాళ్ళు కూలింగ్ బండి పండును చల్లబరుస్తుందనుకుంటారు. చల్లబరచదు. పండు కోల్డ్ స్టోరేజీలోనే చల్లబడి వస్తుంది, ఆ చలిని కాపాడటమే బండి పని. ఎండలో నిలబడ్డ ట్రైలరు గోడలు, నేల, వేడిని పీల్చుకుని లోపల దాచుకుంటాయి. మిషను పెట్టగానే లోపలి గాలి పావుగంటలో చల్లబడుతుంది, మీటరు చూసేది ఆ గాలినే. గోడ చల్లబడాలంటే తలుపులు బిగించి గంటన్నర, రెండు గంటలు నడపాలి. అంతసేపూ డీజిలు కాలుతుంది. అందుకే చాలామంది గాలిని చల్లబరిచి, మీటరు చూపించి, సరుకు ఎక్కించుకుంటారు. మిషను ఆపి ఒక సిగరెట్టు కాలేంత సేపు ఆగితే గుట్టు బయటపడుతుంది. గోడ వేడిగా ఉంటే అంకె పైకి పాకుతుంది. ఈ సిగరెట్టు పరీక్ష లువాన్ కనిపెట్టింది కాకపోవచ్చు గానీ, ఆ చుట్టుపక్కల దానికి అతని పేరే పడింది. లారీల యార్డులో కొత్తవాళ్ళు అతన్ని "లువాన్ గురూ" అనేవాళ్ళు. నిజాయితీపరుడనీ అనేవాళ్ళు. అలవాటుకు నిజాయితీ అని పేరు పెట్టడంలో ఒక చిక్కుంది. అలవాటు ఒక్కరోజు తప్పినా తప్పుతుంది, పేరు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడుతుంది.

అలవాటు తప్పిన రోజు, రెండేళ్ళ కిందటి జూన్ తొమ్మిది. కథలు చెప్పేవాళ్ళు ఇలాంటి చోట ఆసుపత్రిలో ఉన్న తల్లినో, ఫీజు కట్టాల్సిన కూతురినో తెచ్చి పెడతారు. లువాన్ తల్లి ఆరోగ్యంగా ఉంది, రోజుకు రెండుసార్లు ఇరుగుపొరుగుతో పోట్లాడుతుంది. కూతురు చింగ్‌దావ్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. బండి అప్పు తీరి అప్పటికి రెండేళ్ళు. అతను పేకాడుతున్నాడు.

కొండ కింద లారీల యార్డులో, పంక్చరు షాపు రేకుల నీడలో ఆట నడుస్తోంది. గౌజీ అనే ఈ పేకాటకు నాలుగు కట్టల ముక్కలూ ఆరుగురు మనుషులూ కావాలి, ముగ్గురొక జట్టు. ఆట మధ్యలో ఒకడు లేస్తే వాడి జట్టు మొత్తం ఓడినట్టు. పందెం ఒక పెట్టె బీరు. పదిన్నరకు "ఆరోవాడు కావాలి" అని కేకేస్తే లువాన్ వెళ్ళి కూర్చున్నాడు. షెడ్డు దగ్గర లోడింగు ఒంటిగంటకు. పదకొండుకల్లా మిషను పెట్టాలి. ట్రైలరు యార్డు ఆ చివర, మూడు రోజులుగా ఎండలో నిలబడి ఉంది. అంతకుముందు తెచ్చింది నూడుల్స్ అట్టపెట్టెలు, వాటికి చలితో పనిలేదు. నడిచి వెళ్ళి మీట నొక్కి రావడానికి ఐదు నిమిషాలు చాలు. పదకొండున్నరకు లేవబోయాడు. పక్కవాడు చొక్కా పట్టుకుని లాగాడు.

"నువ్వు లేస్తే మేమిద్దరం ఓడిపోవాలా గురూ? బీరు డబ్బులు నువ్విస్తావా?"

"మిషను పెట్టి వస్తానురా, ఐదు నిమిషాలు."

"పెట్టి వస్తానన్నవాడు ఎవడైనా తిరిగొచ్చాడా? ముక్కలు బాగా పడ్డప్పుడు చెర్రీలు గుర్తురావేం నీకు?"

నవ్వి కూర్చున్నాడు. ముక్కలు నిజంగానే బాగా పడ్డాయి. పన్నెండు ఇరవైకి అతని భార్య సూయున్ బజారు నుంచి వచ్చింది. ఇద్దరూ ఒకే బండి మీద వంతులేసుకుని నడుపుతారు. దారికి కావలసిన ఆవిరి బన్నులు, ఉల్లికాడలు, తాగునీళ్ళు తెచ్చి, క్యాబిను ఎక్కబోతూ ఆగింది. రోజూ వినే మోత వినపడలేదు.

"ఏమయ్యా, మిషను మోగట్లేదేం?"

"ఈ ఒక్క ఆట."

"చెర్రీలకు చెప్పనా, ఈ ఒక్క ఆట అయ్యేదాకా చెడిపోకండని?"

ఐదుగురూ పగలబడి నవ్వారు. ఆ ఆట లువాన్ జట్టే గెలిచింది. అతను మిషను పెట్టేటప్పటికి పన్నెండు నలభై మూడు. గాలి త్వరగా దిగాలని అంకెను సున్నాకు పది కింద పెట్టాడు. కొండ ఎక్కి షెడ్డు గేటు ముందు ఆగేసరికి ఒంటిగంట. మీటరు ఒకటి చూపిస్తోంది.

ఫెంగ్‌జీ ఒక చెవికి ఫోను ఆనించుకుని ఎవరితోనో ధర బేరమాడుతోంది. ఇంకో చేతిలో లోడింగు కాగితం.

"లువాన్ అన్నా, ఒకటేగా?"

"ఒకటి."

రాసుకుంది. రేపు ఎక్కించుకుంటానని లువాన్ అనొచ్చు. రెండు గంటలు ఆగమనీ అనొచ్చు. ఆ రెండు గంటలు ఆమె తిట్టి ఉండేది, అంతే. కోల్డ్ స్టోరేజీ తలుపు అప్పటికే తెరిచారు, హమాలీలు పెట్టెలు దించుతున్నారు. లువాన్ మిషను ఆపి తలుపులు తీసి లోపలికెక్కాడు. ఎడమ గోడకు చెయ్యి తగిలింది. అప్పుడే ఇస్త్రీ తీసిన చొక్కాలా వెచ్చగా ఉంది. చెయ్యి తీసేసుకున్నాడు. దారిలో దిగుతుందిలే అనుకున్నాడు. దిగదని అతని కంటే బాగా తెలిసినవాడు ఆ జిల్లాలో లేడు.

ప్రతి ఇంటి పండుకూ ఒక నంబరు ఉంటుంది, పెట్టె మీద అంటిస్తారు. ఆ రోజు అందరికంటే ముందు వచ్చింది పదిహేడో నంబరు, కొండ పైవాటాన తోట ఉన్న ముసలి తెంగ్‌ది. ముందొచ్చిన పెట్టెలు ముందెక్కుతాయి. అవి ఎడమ గోడ పొడుగునా, గోడకు ఆనుకుని పేరుకున్నాయి.

సరుకు చేరాల్సిన చెంగ్‌దూ రెండు వేల కిలోమీటర్లు. మర్నాడు సాయంత్రానికి తాన్ అనే పండ్ల వ్యాపారి గోడౌను ముందు తలుపులు తెరిచారు. మధ్యలోవి నిగనిగలాడుతున్నాయి. ఎడమ గోడ పక్కన పెట్టె మూత తీయగానే తీపి కుళ్ళు వాసన కొట్టింది. తాన్ ఒక పండు తీసి వేళ్ళ మధ్య నొక్కాడు. తొడిమ ఊడొచ్చింది. ఒక్కొక్క పెట్టే తీయించాడు. చెడ్డవాటిలో మూడొంతులు పదిహేడో నంబరువే.

ముందు మిషను రికార్డు కాగితం అడిగాడు. కాగితం మీద ఒకటి, ఒకటిన్నర, రెండు. లోడింగు తర్వాత కొన్ని గంటలు ఏడుదాకా ఎక్కి దిగింది. తలుపు తీసి పెట్టినప్పుడు ఏ బండికైనా అంతో ఇంతో ఎక్కుతుంది. తాన్ దాన్ని దీపానికి ఎత్తి పట్టుకుని చూసి మడిచి ఇచ్చేశాడు.

"నీ కాగితం కడిగిన ముత్యంలా ఉంది డ్రైవరన్నా. నీతో నాకు గొడవ లేదు. గొడవ ఆవిడతోనే."

అక్కడికక్కడే ఫెంగ్‌జీకి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. పావుగంట అరుచుకున్నారు. పండు బాగానే ఎక్కించానని ఆమె, కుళ్ళు కొనడానికి తనకేం పిచ్చా అని అతను. చివరికి ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"లువాన్ అన్నా, పక్కనే ఉన్నావా? నువ్వు చూశావుగా. ఏమైందంటావు?"

లువాన్ పెట్టెల వైపు చూశాడు, నంబరు వైపు చూశాడు.

"ఏడో తారీఖున వాన పడిందిగా" అన్నాడు. "వాన తిన్న పండు అలాగే అవుతుంది."

ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. ఏడో తారీఖున వాన పడింది. వాన తిన్న చెర్రీ పగులుతుంది, కుళ్ళుతుంది. అడ్డంగా అబద్ధమాడి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయేవాడు. ఈ మాటను పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు, ఎందుకంటే అది పట్టుకోవడానికి వీల్లేకుండా ఎంచుకున్న మాట. ఎంచుకోవడానికి అతనికి రెండు క్షణాలు కూడా పట్టలేదు. తర్వాతి రోజుల్లో అతన్ని తినేసింది ఆ రెండు క్షణాలే. పేకాటను పొరపాటు అనుకోవచ్చు. దీన్ని అలా అనుకోవడానికి దారి లేదు.

తిరుగు దారిలో కొండ సొరంగాలు దాటి బయటి వెలుగులోకి వచ్చాక సూయున్ అడిగింది.

"నువ్వు ఊరుకుని ఉంటే సరిపోయేదిగా?"

"ఊరుకున్నా అదే జరిగేది. కాగితం బాగుంది, పండు బాగాలేదు."

"మరి అనడం దేనికి?"

ఆమె ఉల్లికాడ చుట్టిన రొట్టె అతని చేతిలో పెట్టి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

తాన్ నలభై ఆరు వేల యువాన్లు కోసుకున్నాడు. లువాన్ కిరాయి మాత్రం పైసాతో సహా ముట్టింది. షెడ్డులో ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళూ కూర్చున్న చోట ఫెంగ్‌జీ లెక్క తేల్చింది. పదిహేడో నంబరు తప్పు కాబట్టి తెంగ్ వాటాలోంచి పద్దెనిమిది వేల నాలుగు వందలు. మిగతాది ముప్పై ఇళ్ళ మీద, ఇంటికి తొమ్మిది వందల ఇరవై. తెంగ్ లేచి నిలబడి వానకు ముందే, ఆరో తారీఖునే ఆ పెట్టెల పండంతా కోశానని చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. మూడోసారి ఎవరూ తల ఎత్తలేదు. ఆ సీజను నుంచి అతని పండు షెడ్డులోకి రానివ్వలేదు. లువాన్ ఈ సంగతులన్నీ ఫెంగ్‌జీ నోటే విన్నాడు. "నువ్వు చెప్పబట్టి తెలిసింది అన్నా, లేకపోతే ఆ ముసలాయన్ని పట్టుకోలేకపోయేదాన్ని" అంది ఆమె.

మరుసటి జూన్‌లో షెడ్డుకు ఎక్కే రోడ్డు మలుపులో ఒక గొడుగు వెలిసింది. దాని కింద తెంగ్, పక్కన అతని భార్య, ఎదురుగా బుట్టలు, తక్కెడ. కార్లలో సముద్రం చూడటానికి వచ్చేవాళ్ళకు కిలో, రెండు కిలోలు తూచి అమ్ముకుంటున్నారు. లువాన్ బండి అక్కడ గేరు మార్చక తప్పదు. మొదటిసారి చూడనట్టు పోయాడు. రెండోసారి తెంగే చెయ్యెత్తి ఆపాడు, గుప్పెడు పండ్లు కిటికీలోంచి అందించాడు.

"తిను. వానపండు కాదులే, భయపడకు."

"నాకు తెలుసు బాబాయ్."

"నీకెలా తెలుసు? ఊరు ఊరంతటికీ తెలీదు, నీకొక్కడికే తెలుసా?"

ముసలాయన ఎకసెక్కానికి అన్నాడు. లువాన్ దిగి మూడు బుట్టలు కొన్నాడు, చిల్లర తీసుకోలేదు. ఆ తర్వాత ప్రతి ట్రిప్పుకూ కొన్నాడు. నాలుగోసారికి సూయున్‌కు ఓపిక పోయింది.

"ఇంకా ఎన్ని కొంటావు? వెనక పడక మీద నాకు పడుకునే చోటు లేదు. ఆయనకు నువ్వు బాకీ పడ్డది పద్దెనిమిది వేలు. బుట్టకు ఇరవై ఎక్కువిస్తూ పోతే ఎప్పటికి తీరుతుంది, నీ మనవళ్ళ పెళ్ళిళ్ళకా?"

"అరవకే, వినపడుతుంది."

"వినపడనీ. అలాగైనా ఎవరో ఒకరు చెప్పినట్టుంటుంది."

దొంగచాటుగా చేసే ధర్మం తప్పు చేసినవాడికి ఊరట, తప్పు మోసినవాడికి మూడు బుట్టల బేరం, అంతకంటే ఏమీ కాదు. ఇది లువాన్‌కు తెలియక కాదు. తెలిసే కొన్నాడు. చెప్పడం కంటే కొనడం తేలిక.

ఆ జూన్ చివర్లో ఫెంగ్‌జీ కొత్త డ్రైవర్లు ఎనిమిది మందిని షెడ్డుకు పిలిపించింది. గేటు పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించింది. పైన "లువాన్ పద్ధతి" అని రాసి ఉంది. కింద మిషను ఎంతసేపు నడపాలో, తలుపులు ఎప్పుడు తీయాలో, సిగరెట్టు పరీక్ష ఎలా చేయాలో. లువాన్‌ను ముందుకు తోసి, చేసి చూపించమంది. తప్పించుకోవాలని చూశాడు, నడుం నొప్పన్నాడు. "నోటికి లేదుగా నొప్పి" అంది.

ఎండ మాడ్చేస్తోంది. ఎనిమిది మందిలో ఒకడి ట్రైలరు అప్పుడే వచ్చింది. పావుగంట మిషను నడిపించారు. మీటరు ఒకటికి దిగింది.

"ఇప్పుడు ఆపండి. తలుపు తీయకండి" అన్నాడు లువాన్. సిగరెట్టు ముట్టించాడు. అందరూ మీటరు చుట్టూ మూగారు. రెండు. నాలుగు. సిగరెట్టు సగానికి ఆరు. పూర్తయ్యేసరికి తొమ్మిది.

"అమ్మ బాబోయ్" అన్నాడు బండివాడు. "ఇన్నాళ్ళూ నేను తీసుకెళ్ళింది ఉడకబెట్టిన చెర్రీలా?"

నవ్వులు. వాళ్ళలో జినాన్ నుంచి వచ్చిన ఒక బక్కపలచటి మనిషి మాత్రం నవ్వలేదు.

"గురూ, ఈ తొమ్మిది రికార్డు కాగితం మీద పడదా?"

"సిగరెట్టు కాల్చితే పడుతుంది. కాల్చకుండా తలుపు తీస్తే, తలుపు తీసినందుకు ఎక్కిందనుకుంటారు."

"అంటే కాగితం చూసి ఎవడూ కనిపెట్టలేడన్నమాట."

ఆ మాటను ఫెంగ్‌జీ అందుకుంది. "అందుకే కాగితాలు నమ్మను నేను, మనిషిని నమ్ముతాను. ఈ లువాన్ అన్న తొమ్మిదేళ్ళ నుంచి నా పండు మోస్తున్నాడు. ఈయన ఒకటి అన్నాడంటే గోడ కూడా ఒకటే. ఒక్క పెట్టె పాడవలేదు. పోయినేడు పోయింది కూడా ఆ తెంగ్ వానపండు వల్ల పోయిందే గానీ, ఈయన వల్ల కాదు."

ఎనిమిది మందీ లువాన్‌ను మెచ్చుకోలుగా చూశారు. ఈ పొగడ్త తలవంచుకుని మింగేస్తే ఇంక ఎప్పటికీ ఎవరూ అడగరు. అది అతనికి స్పష్టంగా కనపడింది. సరిగ్గా అందుకే మింగుడు పడలేదు.

"నా వల్లే" అన్నాడు.

ఫెంగ్‌జీ వినిపించుకోలేదు. "ఆ?"

"పోయినేడు పోయింది నా వల్లే. ఆ రోజు గోడ వేడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను కూడా. తెంగ్ బాబాయ్ పెట్టెలు గోడకు ఆనుకుని ఉన్నాయి, అంతే. వాన కాదు."

ఫెంగ్‌జీ అతని వైపు తిరిగింది.

"ఎంతసేపు నడిపావు?" అంది ఫెంగ్‌జీ.

"పదిహేడు నిమిషాలు."

"ఎక్కడ చచ్చావు అప్పటిదాకా?"

"పేకాటలో."

"గెలిచావా?"

"గెలిచాను. ఒక పెట్టె బీరు."

"తాగావా?"

"నా వాటా తాగాను."

ఎవడో కిసుక్కున నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. ఫెంగ్‌జీ మొహం ఎర్రబడి, ఆ తర్వాత పాలిపోయింది. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే లువాన్‌కు కాస్త తెరిపిగా ఉండేది.

"నేను ఫోనులో అడిగాను నిన్ను" అంది. "అరవలేదు, నిలదీయలేదు. ఏమైందంటావు అన్నా, అని అడిగాను. నువ్వు చెప్పిన మాట పట్టుకుని అంతమంది ముందు ఆ ముసలాయన్ని నిలబెట్టాను. ఆయన మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లు." ఆగింది. గోడ మీది కాగితం దగ్గరకు వెళ్ళి, "లువాన్ పద్ధతి" అన్న పై వరస దాకా చించి, మిగతాది అలాగే ఉంచింది. పద్ధతి తప్పు కాదు కదా.

"పద. నా మూడు చక్రాల బండెక్కు. నీ బండిలో నేను ఎక్కను."

గొడుగు కింద తెంగ్ ఎవరికో రెండు కిలోలు తూస్తున్నాడు. ఫెంగ్‌జీ చెప్పమన్నట్టు లువాన్‌ను మోచేత్తో పొడిచింది. లువాన్ చెప్పాడు. తెంగ్ తక్కెడ ముల్లు మీంచి చూపు తిప్పలేదు. తూచిన పండ్లు సంచిలో పోసి, డబ్బు తీసుకుని, గిరాకీ మనిషి కారెక్కేదాకా ఆగాడు. ఆ తర్వాత కూడా మాట్లాడింది అతను కాదు. వెనక పీట మీద కూర్చున్న అతని భార్య.

"ఆయనకు కాదు, ముందు నాకు చెప్పు."

"పిన్నీ, నేను…"

"వానలో నాలుగు బుట్టలు కోసిన మాట నిజం. సారాలో ఊరేసుకుందామని ఇంట్లో పెట్టాను. వాటిని నేనే పెట్టెల్లో కలిపానని ఈయన అన్నాడు. లేదని ఒట్టేశాను. ఊరు ఈయన్ని నమ్మలేదు, ఈయన నన్ను నమ్మలేదు. ఏడాది నుంచి ఒకే ఇంట్లో నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నాడు. తెలుసా నీకు?"

లువాన్‌కు తెలియదు. పద్దెనిమిది వేల నాలుగు వందలని రాత్రింబవళ్ళు మనసులో లెక్కపెట్టుకున్నాడే గానీ, లెక్కలోకి రానిది ఇంకొకటి ఉంటుందన్న ఊహే అతనికి తట్టలేదు. తెంగ్ తక్కెడ గిన్నెను గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఆ ఊరేసిన సీసాలు ఇంకా మంచం కిందే ఉన్నాయి" అన్నాడు చివరికి, భార్య వైపు చూడకుండా. "లెక్కపెడితే తెలిసిపోయేది. నేను లెక్కపెట్టలేదు."

"మీ డబ్బు మొత్తం వారంలో ఇచ్చేస్తాను బాబాయ్" అన్నాడు లువాన్. "మిగతా ముప్పై ఇళ్ళవాళ్ళకూ ఫోనులో వేసేస్తాను."

"ఫోనులో వేస్తే చేతులు విరిచేస్తాను" అంది ముసలావిడ. "ఏ ఇంటివాళ్ళ ముందు మమ్మల్ని దొంగల్ని చేశావో ఆ ప్రతి ఇంటికీ నడిచి వెళ్ళు. గుమ్మంలో నిలబడి, నోటితో చెప్పి, చేత్తో ఇవ్వు. చెప్పకుండా ఒక్కరికి ఇచ్చావని తెలిసినా మా డబ్బు నీ మొహాన కొడతాను."

ఫెంగ్‌జీ తెంగ్‌ను మళ్ళీ షెడ్డుకు రమ్మంది, తప్పు తనదీ ఉందని ఒప్పుకుంది. అతను ఒప్పుకోలేదు. "ఇక్కడ కొనేవాడు పండు కొరికి చూసి కొంటున్నాడు. అక్కడ నంబరు చూసి పారేస్తారు" అన్నాడు. మరో సీజను గడిచినా అతను గొడుగు కిందే ఉన్నాడు.

తెంగ్ డబ్బు వారం తిరక్కముందే ముట్టింది, ట్రైలరు టైర్ల కోసం దాచిన దాంట్లోంచి. లువాన్ కిరాయికి ఫెంగ్‌జీ అడ్డు రాలేదు, అతని బండి మానలేదు. కాకపోతే ఇప్పుడు ప్రతిసారీ తనే లోపలికెక్కి, నాలుగు గోడలకూ నేలకూ చెయ్యి ఆనించి చూస్తుంది. అతను బయట ఎండలో నిలబడి ఉంటాడు.

ఇళ్ళ సంగతి అంత సులువుగా సాగలేదు. మొదటి ఇంటి గుమ్మంలో లువాన్ కవరు చేతిలో పట్టుకుని, "ఆ రోజు బండి సరిగా చల్లబడలేదు" అన్నాడు. వెనక నిలబడ్డ సూయున్ వీపు మీద గుచ్చింది. "దానంతటది చల్లబడలేదా? నువ్వు చల్లబరచలేదని చెప్పు." మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. ఆ ఇంటాయన నవ్వి, ఇంత దానికి ఇంత దూరం రావాలా, టీ తాగి వెళ్ళమన్నాడు. ఆ నవ్వు భరించడం కష్టమైంది. రెండో ఇంట్లో ఆడమనిషి డబ్బు తీసుకుని లెక్కపెట్టి, ఇంకొక్క మాట వినకుండా తలుపేసింది. అది కొంచెం నయమనిపించింది. అయిదో ఇల్లు తెంగ్ తమ్ముడిది. ఆ ఏడాదంతా అన్న గడప తొక్కలేదట. కవరు చేతిలోకి తీసుకోకుండా, "నేను మా అన్న మొహం ఎలా చూడాలో నువ్వే చెప్పు" అన్నాడు. లువాన్ కవరు గుమ్మం మీద పెట్టి వచ్చేశాడు. అలా పెట్టి రావచ్చా, చెప్పినట్టు లెక్కలోకి వస్తుందా అని దారంతా సూయున్‌తో వాదించాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళి చేతికే ఇచ్చి వచ్చాడు.

డబ్బుకు కొరత లేదు. నిజం చెప్పాలంటే కవర్లన్నీ పేర్లు రాసి క్యాబిను డబ్బాలో సిద్ధంగానే ఉన్నాయి. ఒక్కో గుమ్మానికి వెళ్ళడానికి అతనికి నాలుగైదు వారాలు పడుతోంది. సీజను వచ్చి పోతోంది, వానలొచ్చి పోతున్నాయి, ఎప్పుడూ ఏదో ఒక లోడు అడ్డొస్తుంది.

ఈ జూన్ వరకు పదకొండు ఇళ్ళకు ఇచ్చాడు. పందొమ్మిది ఇళ్ళకు, ఇంటికి తొమ్మిది వందల ఇరవై చొప్పున, పదిహేడు వేల నాలుగు వందల ఎనభై యువాన్లు ఇంకా ఇవ్వాలి.